టన్ను లెక్కన బతికిన రాష్ట్రం: వెస్ట్ వర్జీనియా నూరేళ్లు

1912 ఏప్రిల్‌లో వెస్ట్ వర్జీనియాలోని పెయింట్ క్రీక్ లోయలో బొగ్గుగని కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల కోరికల్లో ఒకటి ఇప్పుడు చదివితే వింతగా ఉంటుంది: టన్ను అంటే 2,000 పౌన్లేనని కంపెనీ ఒప్పుకోవాలి. అమెరికాలో మామూలు టన్ను అంతే, మన కొలతలో సుమారు 907 కిలోలు. గనిలో మాత్రం 2,240 పౌన్ల ‘పెద్ద టన్ను’ నింపితేనే ఒక టన్ను కూలి రాసేవారు. బొగ్గు నింపే టబ్బు (చిన్న బండి) అంచుల మీద అదనంగా చెక్కలు బిగించి ఎత్తు పెంచేవారు, లెక్క పాత టబ్బుదే. బొగ్గులో రాయి కనబడితే తూకంలో కోత పడేది. తూచేవాడు కంపెనీ మనిషి. అందుకే ఇంకో కోరిక: తూకం దగ్గర కార్మికుల తరఫున, కార్మికులే జీతమిచ్చే మనిషి ఒకడు నిలబడాలి.

1932 నుంచి 1996 దాకా మూడుసార్లు తప్ప ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్లకే ఓటేసిన రాష్ట్రం 2016లో 68 శాతానికి పైగా ఓట్లతో ట్రంప్ వైపు ఎందుకు నిలబడిందన్న ప్రశ్నకు చాలామంది కొండజనం మనస్తత్వంలో, మతంలో, తుపాకుల్లో జవాబు వెతుకుతారు. ఆ తూకం దగ్గర వెతికితే ఇంకా ఎక్కువ దొరుకుతుంది. ఈ రాష్ట్రంలో కూలీ, భూస్వామి రాయల్టీ, ఆసుపత్రి, పింఛను, బడి జీతం, ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం, తవ్వి వదిలేసిన కొండను పూడ్చే ఖర్చు అన్నీ టన్నుకు ఇంతని కట్టినవే. టన్ను ఎవరిది, దాన్ని ఎవరు తవ్వుతారు, దాని మీద ఎవరెవరికి ఎన్ని సెంట్లు అన్న మూడు ప్రశ్నలకు జవాబు మారినప్పుడల్లా రాజకీయమూ మారింది.

మొదటి ప్రశ్న తేలిపోయి చాలా కాలమైంది. అంతర్యుద్ధం మధ్యలో, 1863 జూన్ 20న, వర్జీనియా నుంచి విడిపోయి ఈ రాష్ట్రం ఏర్పడింది. 55 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), దాదాపు అంతా కొండలే. ఉత్తరాన పిట్స్‌బర్గ్ పొర ఉంది, అందులో గంధకం ఎక్కువ. దక్షిణాన పోకహాంటస్ పొరలు, గంధకం తక్కువ, ఉక్కు కొలుములకు పనికొచ్చే మేలురకం కోకింగ్ బొగ్గు. 1883లో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఆ దక్షిణపు బొగ్గును సముద్రానికి మోయడం మొదలుపెట్టింది. మొక్కజొన్న వేసుకునే కుటుంబాల దగ్గర పైభూమిని వాళ్లకే వదిలి, కింద ఖనిజం హక్కును మాత్రం కారుచవకగా విడదీసి కొన్న దళారులు చాలామందే ఉన్నారు. 1901లో అదే రైల్వే ఫ్లాట్ టాప్ ప్రాంతపు బొగ్గుభూముల సంస్థను కొనేసింది. ఆ తర్వాత ఏర్పాటు ఇలా స్థిరపడింది: భూమి ఒక కంపెనీది, గని నడిపేది లీజుదారు, టన్నుకు ఇంత రాయల్టీ ఫిలడెల్ఫియాకో న్యూయార్క్‌కో పోతుంది. 1974లో హంటింగ్టన్ పత్రిక ఒకటి కౌంటీల భూరికార్డులు తిరగేసి లెక్కగడితే, రెండు డజన్ల బయటి సంస్థల చేతిలో రాష్ట్రంలోని ప్రైవేటు భూమిలో దాదాపు మూడో వంతు ఉన్నట్టు తేలింది.

తెలుగు పాఠకుడికి ఈ సంగతి తేలిగ్గా తట్టదు. మనకు తెలిసిన బొగ్గు సింగరేణిది. అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అక్కడ లాభమైనా నష్టమైనా అసెంబ్లీలో ప్రశ్న అవుతుంది. వెస్ట్ వర్జీనియా అసెంబ్లీకి తన నేల కింది బొగ్గు మీద అలాంటి పట్టు ఏనాడూ లేదు. ఉన్నది పన్ను వేసే అధికారం ఒక్కటే. దాన్ని వాడుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో ముందుముందు చూద్దాం.

కార్మికుల ఇళ్లు కంపెనీవి, కొట్టు కంపెనీది, కూలి కంపెనీ కొట్టులో చెల్లే బిళ్లల్లో. యూనియన్‌లో చేరితే ఆ రోజే ఇల్లు ఖాళీ చేయాలి. 1920 మే 19న మేట్‌వాన్ ఊళ్లో అలా ఇళ్లు ఖాళీ చేయించడానికి వచ్చిన బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ మనుషులకూ, గనికార్మికుల పక్షాన నిలిచిన ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌కూ మధ్య కాల్పులు జరిగి పదిమంది చనిపోయారు. వాళ్లలో ఏడుగురు ఆ సంస్థ వాళ్లు, ఒకరు ఊరి మేయరు. 1921 ఆగస్టు 1న వెల్చ్ కోర్టు మెట్ల మీద హాట్‌ఫీల్డ్‌ను కాల్చి చంపారు. ఆ నెలాఖరుకు సుమారు పదివేల మంది కార్మికులు మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని, తుపాకులతో బ్లెయిర్ మౌంటెన్ వైపు నడిచారు. కేంద్ర సైన్యం వచ్చాకే తుపాకులు దించారు. నాయకుల మీద రాజద్రోహం కేసులు పెట్టారు. దక్షిణ గనుల్లో యునైటెడ్ మైన్ వర్కర్స్ యూనియన్ పేరుకే మిగిలింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సంఘం పెట్టుకునే హక్కును చట్టంలో రాశాక కొద్ది నెలల్లోనే అవే గనులు యూనియన్‌లోకి వచ్చేశాయి. డెమోక్రాటిక్ పార్టీతో ఈ రాష్ట్రానికున్న అరవై ఏళ్ల బంధం అక్కడ పడింది. ఆ ముడి సిద్ధాంతానిది కాదు, యూనియన్ హాలుది. ఎవరికి ఓటేయాలో, ఆసుపత్రి కార్డు ఎలా రాయించుకోవాలో చెప్పేది ఆ ఒక్క చోటే.

ఈ కథలో మెక్‌డొవెల్ కౌంటీ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కార్మికులు, ఇటలీ, హంగరీ నుంచి వచ్చినవారు, స్థానిక కొండజనం ఒకే గనిలో దిగిన చోటు అది. పక్కనున్న వర్జీనియాలో నల్లవారి ఓటు హక్కును దాదాపు తుడిచిపెట్టేశారు, ఇక్కడ ఆ హక్కు నిలిచింది. 1928లో మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్ ఇక్కడి నుంచే రాష్ట్ర చట్టసభలో అడుగుపెట్టారు. అమెరికాలో ఏ చట్టసభలోనైనా సభ్యురాలైన మొదటి నల్లజాతి మహిళ ఆమె.

ఇక అసలు మలుపు. 1946లో దేశవ్యాప్త బొగ్గు సమ్మె జరుగుతుండగా ప్రభుత్వం గనులను తాత్కాలికంగా స్వాధీనం చేసుకుంది. యూనియన్ అధ్యక్షుడు జాన్ ఎల్. లూయిస్, మంత్రి క్రుగ్ కుదుర్చుకున్న ఒప్పందంలో ఒక కొత్త సంగతి ఉంది: తవ్విన ప్రతి టన్నుకూ 5 సెంట్లు కార్మికుల సంక్షేమ నిధికి. ఆ మొత్తం 1947లో 10 సెంట్లు, 1948లో 20, 1950లో 30, 1952లో 40 అయింది. ఆ డబ్బుతో వెన్ను విరిగి మంచాన పడినవాళ్లను పెద్ద ఆసుపత్రులకు పంపారు, పింఛన్లిచ్చారు, 1956లో మూడు రాష్ట్రాల్లో పది ఆసుపత్రులు తెరిచారు. వెస్ట్ వర్జీనియాలో అవి బెక్లీ, మ్యాన్ పట్టణాల్లో వచ్చాయి. అంతకుముందు ఆ కొండల్లో వైద్యమంటే జీతంలోంచి కోత కోసుకునే కంపెనీ డాక్టరే.

దానికి చెల్లించిన ధర 1950 ఒప్పందంలో ఉంది. యంత్రాలను యూనియన్ అడ్డుకోదు. 1948లో జాయ్ కంపెనీ తెచ్చిన కంటిన్యూయస్ మైనర్ అప్పటిదాకా వేర్వేరు మనుషులు చేసే కోత, రంధ్రాలు వేయడం, పేల్చడం, నింపడం అనే నాలుగు పనుల్ని ఒకటే చేసింది. తిరిగే డ్రమ్ముకున్న పళ్లు బొగ్గును గీరి పడేస్తాయి, కిందున్న చేతులు కన్వేయర్ మీదికి తోస్తాయి. తట్టాచెమ్మాసులతో నడిచిన గనిలో ఎస్‌డీఎల్ (బొగ్గు ఎత్తిపోసే యంత్రం) దిగితే ఏమవుతుందో సింగరేణి పాతతరానికి చెప్పక్కర్లేదు. 1950లో సుమారు లక్షా ఇరవై వేల మంది గనికార్మికులున్న రాష్ట్రంలో 1960 నాటికి యాభై వేల లోపే మిగిలారు. ఉత్పత్తి ఆ స్థాయిలో పడిపోలేదు. చేత్తో నింపే పనిలో ఎక్కువగా ఉన్న నల్లజాతి కార్మికుల ఉద్యోగాలు ముందు పోయాయి.

లూయిస్‌ను తప్పుపట్టడం తేలికే, ఆయన ముందు మంచి దారి లేదన్నదీ నిజమే. రైలింజన్లు డీజిల్‌కు, ఇళ్లు గ్యాస్‌కు మారుతున్నాయి, చవగ్గా తవ్వకపోతే బొగ్గు అమ్ముడుపోదు. కానీ నిధిని మనిషికి కాక టన్నుకు ముడివేయడంతో యూనియన్ ప్రయోజనం దాని సభ్యుల ప్రయోజనం నుంచి విడిపోయింది. టన్నులు వస్తే చాలు, తవ్వేవాళ్లు పదిమందైనా ఇద్దరైనా నిధికి తేడా లేదు. పైగా ఆ 40 సెంట్లు దాదాపు ఇరవై ఏళ్లు పెరగలేదు. నిధి డబ్బును యూనియన్ సొంత బ్యాంకులో వడ్డీ లేకుండా ఉంచారని 1971లో కేంద్ర కోర్టు తేల్చింది. డబ్బు చాలక, ఏడాదికి మించి పనిలేని కార్మికుల వైద్య కార్డులు రద్దు చేశారు. 1960లలో ఆసుపత్రులనూ అమ్మేశారు.

పని పోయినవాళ్లు ఒహాయో, మిషిగన్ కార్ల ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. 1950లో 20 లక్షలు దాటిన రాష్ట్ర జనాభా మళ్లీ ఆ అంకె చూడలేదు. 2020లో అది 17 లక్షల 93 వేలు. మెక్‌డొవెల్ కౌంటీలో 1950లో 98,887 మంది, 2020లో 19,111. కేంద్ర ప్రతినిధుల సభలో ఆరు సీట్లున్న రాష్ట్రానికి ఇప్పుడు రెండే. 1960లో పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఎన్నిక ప్రచారానికి వచ్చిన కెనడీ ఈ కౌంటీల్లో చూసిన ఆకలి ఆయన్ను వదల్లేదు. పదవిలోకి రాగానే చేసిన తొలి ఉత్తర్వు తిండి సాయం గురించే. 1961 మేలో కొత్త ఫుడ్ స్టాంపు పథకం తొలి కూపన్లు అందుకున్నది మెక్‌డొవెల్ కుటుంబమే.

రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసిందన్నది ఈ చరిత్రలో అతి బాధాకరమైన భాగం. 1953లో గవర్నరుగా ప్రమాణం చేసిన కొద్ది రోజులకే విలియం మార్లాండ్ సెవరెన్స్ పన్ను ప్రతిపాదించారు. అంటే నేల నుంచి విడదీసిన ఖనిజం మీద, విడదీసినందుకే పన్ను. ఆ డబ్బు బడులకూ రోడ్లకూ. బొగ్గు ఒకసారి పోతే తిరిగి రాదు కాబట్టి పోయేటప్పుడే కొంత దాచుకోవాలన్నది ఆయన వాదన. చట్టసభ ఆయన సొంత పార్టీదే, అయినా అది ఓడిపోయింది. ఆ తర్వాత ఆయన రెండుసార్లు సెనేట్‌కు పోటీచేసి ఓడారు. 1965లో షికాగోలో టాక్సీ నడుపుతూ ఒక విలేకరి కంటపడ్డారు, ఆ ఏడాదే చనిపోయారు. బొగ్గు మీద ఇప్పుడున్న 5 శాతం సెవరెన్స్ పన్ను రూపం 1987లో వచ్చింది. అప్పటికి బంగారు దశాబ్దాలు వెళ్లిపోయాయి. అందులోనూ 4.65 శాతం రాష్ట్ర ఖజానాకు, 0.35 శాతం మాత్రమే కౌంటీలకూ పట్టణాలకూ. 1997లో సన్నని పొరలకు రాయితీ ఇచ్చారు: 37 అంగుళాల లోపు పొరలో కొత్త గనికి 1 శాతం, 45 అంగుళాల దాకా 2 శాతం. ఆ సన్నని పొరలు మనుషుల ఊపిరితిత్తులకు ఏం చేశాయో తర్వాత వస్తుంది. 2019లో కరెంటు ప్లాంట్ల బొగ్గు మీద పన్నును 5 నుంచి 3 శాతానికి తగ్గించుకుంటూ వచ్చారు. మరో బొగ్గు రాష్ట్రం వయోమింగ్ 1970లలోనే ఖనిజాల పన్నులో కొంత భాగాన్ని ముట్టుకోకూడని శాశ్వత నిధిలో వేయాలని రాజ్యాంగంలో రాసుకుంది. వెస్ట్ వర్జీనియా 2014లో అలాంటి నిధికి చట్టం చేసి, అందులో డబ్బు వేయలేదు.

1968 నవంబరు 20న ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. మంటలార్పడానికి మనుషులు లోపలుండగానే గనిని మూసేయాల్సి వచ్చింది. యూనియన్ అధ్యక్షుడు టోనీ బాయిల్ అక్కడికొచ్చి భద్రతలో ఆ కంపెనీ మెరుగైనదేనని మెచ్చుకున్నాడు. మూడు నెలలకు, 1969 ఫిబ్రవరిలో, బొగ్గుధూళి పీల్చడం వల్ల వచ్చే నల్ల ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం కోరుతూ 40 వేల మంది పని మానేశారు, యూనియన్ పిలుపు లేకుండానే. బఫ్, రాస్‌ముస్సెన్, వెల్స్ అనే ముగ్గురు డాక్టర్లు ఊరూరా తిరిగి ఎండిన ఊపిరితిత్తుల ముక్కలు చూపిస్తూ, ఇది బీడీ దగ్గూ ఆస్తమా కాదని చెప్పారు. మార్చిలో రాష్ట్ర చట్టం వచ్చింది, ఏడాది చివర్లో కేంద్ర చట్టం. గాలిలో ధూళి ఘనపు మీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు, 1972 చివరికల్లా 2 మిల్లీగ్రాములు. బాయిల్ మీద పోటీచేసిన యాబ్లాన్‌స్కీని 1969 డిసెంబరు 31న భార్యాకూతుళ్లతో సహా ఇంట్లోనే చంపేశారు. ఆ హత్య చేయించినందుకు బాయిల్ తర్వాత జైలుకెళ్లాడు. 1972లో వెస్ట్ వర్జీనియా గనికార్మికుడు ఆర్నాల్డ్ మిల్లర్ అధ్యక్షుడయ్యాడు.

అదే 1972 ఫిబ్రవరి 26 ఉదయం, లోగన్ కౌంటీ బఫెలో క్రీక్‌లో బొగ్గు కడిగిన వ్యర్థంతో కట్టిన ఆనకట్ట తెగింది. ఆనకట్ట అంటే ఇంజనీరు గీసిన కట్ట కాదు. లారీలతో తెచ్చి పోసిన రాళ్లూ బొగ్గుపొడీ, అదీ పాత కట్ట వెనక పేరుకున్న బురద మీద. పునాది గట్టి నేల కాదు. వరద నీరు పోవడానికి సరైన అలుగు లేదు, ఒక గొట్టం మాత్రమే ఉంది. మూడు రోజుల వానకు కట్ట నాని జావైపోయింది. సుమారు 50 కోట్ల లీటర్ల నల్లనీళ్లు ఇరుకు లోయలో ఊళ్లను తుడిచిపెట్టాయి. 125 మంది చనిపోయారు, నాలుగు వేల మందికి పైగా ఇళ్లు కోల్పోయారు. కంపెనీ అది దైవఘటన అంది. రాష్ట్రం 10 కోట్ల డాలర్ల దావా వేసింది. గవర్నర్ ఆర్చ్ మూర్ 1977లో గద్దె దిగే ముందు దాన్ని 10 లక్షల డాలర్లకు రాజీ చేశారు. తర్వాత మళ్లీ గవర్నరై, 1990లో అవినీతి కేసుల్లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లారు.

1980లలో యూనియన్ బలం తగ్గడానికి ఒక పద్ధతి ఉంది. మాస్సీ కంపెనీ తన గనులను చిన్న చిన్న అనుబంధ సంస్థలుగా చీల్చి, ఒక్కోదానితో విడిగా ఒప్పందం చేసుకోవాలంది. 1984–85 సమ్మె దాన్ని ఆపలేకపోయింది. యూనియన్ లేని గని నుంచి వచ్చే టన్ను పింఛను నిధికి ఏమీ ఇవ్వదు. కాబట్టి అది చవక, కాబట్టి అలాంటి గనులే పెరుగుతాయి. ఇంకోవైపు కొండ కొనలు తవ్వే పద్ధతి విస్తరించింది. అడవి కొట్టి, పేల్చి, ఇరవై అంతస్తుల ఎత్తు డ్రాగ్‌లైన్ అనే తోడే యంత్రంతో మట్టిని పక్క లోయలో నింపుతారు. 1977 చట్టం తవ్విన కొండను దాదాపు పాత ఆకారానికి తేవాలంటుంది, కొండకొన తవ్వకానికి మాత్రం తర్వాత అభివృద్ధి పనికొస్తుందన్న షరతు మీద మినహాయింపు ఇస్తుంది. షాపింగ్ సెంటరూ గోల్ఫ్ మైదానమూ చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయాయి. 1985–2001 మధ్య అప్పలాచియా ప్రాంతంలో ఈ పూడికల కింద 724 మైళ్ల వాగులు పోయాయని కేంద్ర పర్యావరణ సంస్థ లెక్క.

పార్టీ మారిన ఘడియ వెతకాలంటే ఇక్కడే వెతకాలి. 1999 అక్టోబరులో కేంద్ర న్యాయమూర్తి చార్ల్స్ హేడన్ వాగులకు వంద అడుగుల లోపు పూడికలు చట్టవిరుద్ధమని తీర్పిచ్చారు. ఆ కేసు వల్ల ఆగిన లోగన్ కౌంటీ గని యూనియన్ గనే, వందల మంది సభ్యుల పని పోయింది. ఉన్న కాసిని యూనియన్ టన్నులూ పోతాయన్న భయంతో, ముప్పై ఏళ్ల కిందట ధూళి మీద కంపెనీలతో పోరాడిన యూనియన్ ఈసారి కంపెనీల పక్కన నిలబడింది. శత్రువు వాషింగ్టన్‌లోని పర్యావరణ అధికారి అయ్యాడు. 1996లో క్లింటన్‌ను దాదాపు 15 పాయింట్ల తేడాతో గెలిపించిన రాష్ట్రం 2000లో అల్ గోర్‌ను ఓడించింది. ఇక్కడి 5 ఎలక్టోరల్ ఓట్లు గోర్‌కు వచ్చుంటే ఫ్లోరిడా ఓట్ల లెక్కింపు గొడవతో పనిలేకుండా ఆయనే అధ్యక్షుడు. పై తీర్పును 2001లో అప్పీలు కోర్టు కొట్టేసింది. 2002లో బొగ్గు కంపెనీల సంఘం ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోల్’ ప్రచారం మొదలుపెట్టింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల నుంచి బండ్ల నంబరు పలకల దాకా ఆ పేరే. యూనియన్ హాలు ఖాళీ చేసిన చోటును అది నింపింది. రాష్ట్ర స్థాయిలో మార్పు నిదానంగా వచ్చింది: 2014లో రిపబ్లికన్లు 83 ఏళ్ల తర్వాత రాష్ట్ర దిగువ సభ గెలిచారు, 2016లో యూనియన్ చందా తప్పనిసరి కాకుండా చట్టం చేశారు. డెమోక్రాట్‌గా గెలిచిన గవర్నరు జిమ్ జస్టిస్ 2017లో పార్టీ మారారు. 2009 చివర్లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, యాభై ఏళ్లు సెనేటరుగా ఉన్న రాబర్ట్ బర్డ్ బొగ్గు పరిశ్రమ మార్పును ఒప్పుకోక తప్పదని బహిరంగంగా రాశారు. ఆ మాట చెప్పడానికి ఆయనకున్న పలుకుబడి ఆయన తర్వాత ఎవరికీ లేకపోయింది.

2010 ఏప్రిల్ 5న మాస్సీ వారి అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది చనిపోయారు. ఎలా జరిగిందో దర్యాప్తులు పూసగుచ్చినట్టు చెప్పాయి. బొగ్గుగోడను కోసే లాంగ్‌వాల్ షియరర్ యంత్రం పళ్లు అరిగిపోయి ఇసుకరాయికి రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. వాటిని చల్లార్చాల్సిన నీటి స్ప్రేలు కొన్ని లేవు, కొన్ని పనిచేయలేదు. గాలి సరిగా ఆడక మీథేన్ చేరింది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఇంతవరకు చిన్న మంటే. దాన్ని మైళ్ల పొడవునా తీసుకెళ్లింది బొగ్గుధూళి. గని దారుల్లో సున్నపురాయి పొడి చల్లేది దానికే. ధూళిలో మండని పదార్థం 80 శాతం దాకా ఉంటే మంట పాకదు. ఆ గనిలో ఈ పొడి చల్లడానికి చాలినంత మనుషులూ యంత్రాలూ లేవు. ప్రమాదాలను రాయాల్సిన అధికారిక పుస్తకం ఒకటి, అసలు సంగతులు రాసుకునే ఉత్పత్తి పుస్తకం మరొకటి నడిపారు. చనిపోయినవాళ్లలో ఊపిరితిత్తులు పరీక్షించడానికి వీలైన 24 మందిలో 17 మందికి నల్ల ఊపిరితిత్తుల జబ్బు ఉంది. కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్‌కు భద్రతా నియమాలు ఉల్లంఘించే కుట్ర కింద ఏడాది జైలు పడింది. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్నికలో ఆయన 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. అలా గెలిచిన న్యాయమూర్తి మాస్సీ కేసు వినకూడదని దేశ సుప్రీంకోర్టు 2009లో చెప్పాల్సి వచ్చింది.

ఆ 17 మంది సంగతి యాదృచ్ఛికం కాదు. మందపు పొరలు అయిపోయాయి, మిగిలిన సన్నని పొరలో యంత్రం పట్టాలంటే కప్పునూ నేలనూ కూడా కోయాలి. ఆ రాతిలోని సిలికా బొగ్గుధూళి కన్నా చాలా హానికరం. ధూళి నమూనా తీసేది కంపెనీయే. కొలిచే పంపును మంచి గాలి వచ్చే చోట వేలాడదీయడం, కోటు కింద పెట్టుకోమనడం మామూలు సంగతులు. 2016లో పరిమితి 1.5 మిల్లీగ్రాములకు తగ్గి, అప్పటికప్పుడు అంకె చూపే పరికరం వచ్చింది. అప్పటికే నలభై ఏళ్ల వయసువాళ్లలో కూడా ముదిరిన జబ్బు కనిపిస్తోంది. పరిహార నిధికి డబ్బు భూగర్భ బొగ్గు టన్నుకు 1.10 డాలర్లు, ఓపెన్‌కాస్ట్ టన్నుకు 55 సెంట్లు. టన్నులు తగ్గి, దివాలా తీసిన కంపెనీల బాధ్యతలు దాని మీదే పడి, ఆ నిధి 400 కోట్ల డాలర్లకు పైగా అప్పుల్లో ఉంది.

దివాలాలు వరుసగా వచ్చాయి. 2008 తర్వాత రాతిపొరల నుంచి తీసే షేల్ గ్యాస్ చవకై, కరెంటు ప్లాంట్లు గ్యాస్‌కు మారాయి. రాష్ట్రంలో బొగ్గు 2008లో సుమారు 15.8 కోట్ల టన్నులు, 2016లో దాదాపు 8 కోట్లు. పేట్రియాట్ 2012లో, మళ్లీ 2015లో, ఆల్ఫా 2015లో, ఆర్చ్, పీబాడీ 2016లో కోర్టుకెక్కాయి. రిటైరైనవాళ్ల వైద్యం, పింఛను గాలిలో తేలాయి. వైద్యాన్ని 2017లో, పింఛనును 2019లో కేంద్రం ఖజానా నుంచి నిలబెట్టింది. వాషింగ్టన్ మీద కోపంతో ఓటేసిన కౌంటీల్లో పింఛను వాషింగ్టన్ నుంచే వస్తోంది. దీన్ని వెక్కిరించేవాళ్లకు ఆ కోపం ఎక్కడ పుట్టిందో తెలియదు. మాట తప్పింది యూనియన్ నిధీ కంపెనీయే అయినా, చివరికి గుమ్మంలో కనిపించింది పర్మిట్ ఆపిన అధికారి ఒక్కడే.

ఆ ఖాళీలోకి మాత్రలు వచ్చాయి. 2007–2012 మధ్య ఆరేళ్లలో రాష్ట్రానికి 78 కోట్ల ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వచ్చాయి, తలకు 433. నాలుగు వందల జనాభా ఉన్న కెర్మిట్‌లో ఒక్క మందుల షాపుకు రెండేళ్లలో సుమారు 90 లక్షలు. మాదకద్రవ్యాల మరణాల రేటులో దేశంలో మొదటి స్థానం ఏళ్ల తరబడి ఈ రాష్ట్రానిదే అవుతూ వచ్చింది. ఈ కౌంటీల ఆసుపత్రుల్లో 1970ల నుంచి భారతీయ వైద్యులు, వారిలో తెలుగువారూ పనిచేస్తున్నారు. డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు చేస్తే వీసా మినహాయింపు దొరకడం అందుకు ఒక దారి. బొగ్గు వైపు నుంచీ ఒక బంధం ఉంది: అమెరికా బొగ్గు కొనే పెద్ద దేశాల్లో భారతదేశం ఒకటి.

2018 ఫిబ్రవరి 22న మొత్తం 55 కౌంటీల్లో బడులు మూతపడ్డాయి. ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేయడం చట్టవిరుద్ధమే, అయితే కౌంటీ సూపరింటెండెంట్లే బడికి సెలవు ప్రకటించడంతో ఏ ఒక్క టీచరునూ గైర్హాజరు కింద పట్టుకోలేకపోయారు. మధ్యాహ్న భోజనం మీద ఆధారపడిన పిల్లలకు టీచర్లే పొట్లాలు కట్టి పంచారు. వారం తిరక్కుండానే టీచర్లకు 5 శాతం, మిగతావారికి 3 శాతం అని గవర్నరు ఒప్పుకుంటే, అందరికీ 5 ఇచ్చేదాకా, తొమ్మిది బడిరోజులు, తిరిగి రాలేదు. చాలామంది మెడల్లో ఎర్ర రుమాళ్లు. ఆరోగ్య బీమా ఖర్చుకు గ్యాస్ మీద సెవరెన్స్ పన్ను పెంచాలన్నారు, మార్లాండ్ వాదనే. అది జరగలేదు. 2022లో బొగ్గు, గ్యాస్ ధరలు ఎగిసి రాష్ట్రానికి 130 కోట్ల డాలర్ల రికార్డు మిగులు వచ్చింది. 2023లో ఆదాయపు పన్నును 21.25 శాతం తగ్గించారు.

మూసేసిన గనుల లెక్క ఇంకా తెగలేదు. బొగ్గుతోపాటు ఉండే పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే ఆమ్లమవుతుంది. పాత గనుల నోళ్ల నుంచి తుప్పురంగు నీళ్లు వాగుల్లోకి వస్తాయి. వాటిని చెరువులోకి మళ్లించి, సున్నమో కాస్టిక్ సోడానో కలిపి, ఇనుము అడుగున పేరుకున్నాక పైనీళ్లు వదులుతారు. ఆ బురదను మళ్లీ పాత గనిలోకే తోడిపోస్తారు. కంపెనీ కట్టిన పూచీ ఎకరాకు వెయ్యి నుంచి ఐదు వేల డాలర్లు, అది కొండను చదును చేయడానికే చాలదు. కంపెనీ మాయమైతే నీటి ఖర్చు రాష్ట్రపు ప్రత్యేక నిధిది. ఆ నిధికి 2012 నుంచి వచ్చేది తవ్విన టన్నుకు 27.9 సెంట్లు. 2021లో చట్టసభ ఆడిటర్లు ఆ నిధి దివాలా తీసే ప్రమాదం ఉందని రాశారు. ఆ సెంట్లు కట్టే టన్నులు ఇప్పుడు 2008 నాటి వాటిలో సగానికి కాస్త ఎక్కువ. సున్నం లారీలు మాత్రం ఆ చెరువుల దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.